పదిహేడో లాకు పోటు పుస్తకం

113వ రోజు, శుద్ధ దశమి

పోటు తెల్లవారి 4-50కి, సాయంత్రం 5-15కి. బయట మూడడుగులు, లోపల రెండు. షట్టర్లు నాలుగూ దించాం. దించాం అంటే మూడు నేను, నాలుగోది మస్తాను.

ఈ రోజుల లెక్క నా ఆపరేషన్ నుంచి. పుస్తకంలో తిథి వెయ్యమన్నారు, నీటిమట్టం వెయ్యమన్నారు, ఇది ఎవరూ వెయ్యమనలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ పుస్తకం రాస్తున్నదాన్ని, ఆమాత్రం చనువు ఉంటుంది. ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి వచ్చి అపెండిక్స్ పగిలితే నన్ను పడవలో కేంద్రం ఆసుపత్రికి మోసుకుపోయారు. కుడి పక్క బెత్తెడు కోసి కుట్టారు. కోత శుభ్రంగా మానింది. చీము లేదు, జ్వరం లేదు. రెండు నెలలాగి షట్టర్ల చక్రం పట్టుకోమన్నారు. పట్టుకున్న రోజు మొదలు కోత కింది కొసన, ఒక్క చోట, చురుక్కుమంటోంది.

వంగితే చురుక్కు. దగ్గితే చురుక్కు. చక్రం తిప్పితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ చోట గుడ్డ తగిలినా ఓర్చుకోలేక లంగా బొందు ఎడమ పక్కకి ముడేసుకుంటున్నాను. కుర్చీలో కూర్చుంటే కడుపు మడతపడి సరిగ్గా అక్కడే నొక్కుతుంది. అందుకని కూర్చోవడం మానేశాను. అన్నం నిలబడే తింటున్నాను. ఈ పుస్తకం కూడా లాకు కమ్మీకి ఆనించి నిలబడే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోయాయని పైవాళ్లు తిట్టుకోవద్దు.

"కాసేపు తిరగడం ఆపక్కా, నిన్ను చూస్తంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంటాడు మస్తాను. వాడు ఈ లాకుకి ఫిట్టరు. నాకు యాభై రెండు, వాడికి నలభై ఎనిమిది. మోటార్లు ఉంటే మా ఇద్దరికీ ఇక్కడ పనే లేదు. ఉప్పుగాలికి ఎన్ని మోటార్లు పెట్టినా తుప్పు పట్టి ఊడిపోతుంటే చివరికి చేతి చక్రాలే మళ్లీ బిగించారు. పోటు వేళకి షట్టర్లు దించి సముద్రాన్ని ఆపాలి. ఆటులో ఎత్తి లోపలి మురుగునీరు బయటికి వదలాలి. ఏమాత్రం అటూ ఇటూ అయినా కట్ట వెనక తొమ్మిది ఊళ్ల చేలల్లో ఉప్పు తేలుతుంది.

సాయంత్రం కాంపౌండరు దగ్గరికి వెళ్లాను. కాంపౌండరంటే మనిషి కాదు. మా క్వార్టర్స్ గోడకి బిగించిన బీరువా అంత పెట్టె. ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక గొంతు. కట్ట మీద ముప్ఫై లాకులుంటే ముప్ఫై మంది కాంపౌండర్లు, వాళ్లందరి పైనా కేంద్రంలో ఒక్కరే డాక్టరు. వీడు పైకి పంపితేనే ఆవిడ మాట్లాడుతుంది. వెనకటి డాక్టర్లు రోగిని కూర్చోబెట్టి అడిగేవాళ్లట, ఎక్కడ, ఎట్లా, ఎప్పటి నుంచి అని. జనం సరిగ్గా చెప్పడం లేదని ఆ అడగడం తీసేశారు. ఇప్పుడు మనం మాట్లాడేదీ రాసేదీ అంతా వాడే విని, చదువుకుని, ఏం కావాలో వాడే తేల్చుకుంటాడు.

"కోత దగ్గర చురుక్కుమంటోందయ్యా" అన్నాను.

"ఆ మాట పట్టికలో లేదు. నొప్పి, పోటు, మంట, తిమ్మిరి. ఒకటి ఎంచుకోండి."

"మంట కాదు. పోటు అసలే కాదు. పోటంటే వచ్చిపోయేది. ఇది సూది విరిగి ఉండిపోయినట్టు ఉంటుంది."

"నొప్పి. ఎక్కడ?"

"ఎక్కడేంటి, కడుపులో."

"లోపల. నమోదు చేశాను."

వాడి మొహం మండ. రెండు మాత్రలిచ్చాడు.

115వ రోజు, శుద్ధ ద్వాదశి

పోటు ఉదయం 6-30కి, సాయంత్రం 6-55కి. బయట మూడున్నర, లోపల రెండు.

వేడినీళ్ల సంచి పెట్టాను. ఆముదం రాశాను. మాత్రలు మింగాను, మగత తప్ప ఏమీ రాలేదు. పడుకుంటే ఎటు తిరిగి పడుకోవాలో తెలియదు, లేచి తిరిగితే ఎక్కడ ఆగాలో తెలియదు. ఇవాళ పదహారో లాకు రాయి దాకా ఏడుసార్లు పోయి వచ్చాను. అక్కడి లాకు మనిషి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు పాపం, ఏడోసారికి వాడికీ విసుగొచ్చి లోపలికి పోయాడు.

రెండో షట్టరు కారింది. కారే షట్టరంటే మస్తానుకి పండగ. "పావు చుట్టెయ్యక్కా" అని కిందికి దిగాడు. ఇది మా లాకులవాళ్ల పద్ధతి. నీళ్లు అడుగు నుంచి వస్తున్నాయా, అంచు రబ్బరులోంచి వస్తున్నాయా తెలియనప్పుడు కారే చోట వేలు పెట్టి, దించిన షట్టరునే ఇంకో పావు చుట్టు బిగిస్తాం. కారడం తగ్గిందంటే తప్పు లోపలెక్కడో అడుగున ఉన్నట్టు. ఎక్కువైందంటే అంచులోనే ఉన్నట్టు, అక్కడ రబ్బరు మడతపడి నలుగుతున్నట్టు. నేను పళ్లు కొరుక్కుని పావు చుట్టు బిగించాను. "ఎక్కువైంది!" అని కిందనించి అరిచాడు. మడత సరిచేసి, గ్రీజు పూసి, పావుగంటలో పైకొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక రబ్బరు ముక్క నలిగితే వేలు పెట్టి చూసే నాథుడున్నాడు. నన్ను నూట పదిహేను రోజులుగా ఒక్కరూ వేలు పెట్టి చూడలేదు.

117వ రోజు, శుద్ధ చతుర్దశి

పోటు ఉదయం 8-10కి, రాత్రిది 8-35కి రావాలి. బయట నాలుగున్నర, లోపల రెండుంబావు.

మధ్యాహ్నం కాంపౌండరు నన్ను పేరు పెట్టి పిలిచాడు. వాడు పిలిచాడంటే మంచి కబురు కాదు.

"నాంచారమ్మగారూ, మీ కడుపులో రోజుకు రెండు సార్లు క్రమం తప్పకుండా పోటు వస్తోంది. నలభై రోజుల నమోదు చూశాను. మొదటి ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుని దారి మూసుకుపోతూ ఉండవచ్చు. అష్టమి నాడు మళ్లీ తెరిచి చూస్తారు. అష్టమికి నీటి ఉధృతి తక్కువ కనుక లాకుకు ఇబ్బంది ఉండదు."

"రెండు సార్లని ఎవరు చెప్పారు నీకు? కదిలిన ప్రతిసారీ వస్తుంది నాకు."

"మీరు చెప్పేదీ నమోదూ కలవడం లేదు. కలవనప్పుడు నమోదే ప్రమాణం."

మా అక్క వీరమ్మ గుర్తొచ్చింది. మొదట గర్భసంచి తీశారు. ఆ తర్వాత అతుకులన్నారు, తెరిచారు. విప్పిన చోట మళ్లీ అతుకులన్నారు, మళ్లీ తెరిచారు. మూడోసారి పడవెక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "నన్నింక తెరవొద్దని చెప్పవే నాంచారీ" అంది. నేను చెప్పలేదు. చదువుకున్నవాళ్లకి తెలియదా అనుకున్నాను. అక్క తిరిగి రాలేదు.

నాకు భయంగా ఉంది. పోటు పుస్తకంలో ఇలాంటివి రాయకూడదేమో. రాశాను.

118వ రోజు, పౌర్ణమి

పోటు ఉదయం 9-00కి. పెద్ద పోటు. బయట ఐదడుగుల మీద రెండంగుళాలు, నురగ కమ్మీ దాకా ఎగిరింది. లోపల రెండున్నర. రాత్రి పోటు 9-25కి, అదీ పెద్దదే.

నిన్న మధ్యాహ్నం నుంచి కాంపౌండరుతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నోరు మూసుకుంటే నొప్పి లేదనుకుని వదిలేస్తాడని నా ఆశ. దగ్గు వచ్చినా బయటికి పోయి దగ్గాను. చక్రం దగ్గర చురుక్కుమన్నప్పుడు కూడా అమ్మా అనలేదు, తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాను. పన్నెండింటికి లోపలికి వెళ్లేసరికి వాడి నెత్తి మీద ఎర్ర దీపం.

"ఈ ఉదయం తొమ్మిదింటికి మీకు పెద్ద పోటు వచ్చింది. పరిస్థితి తీవ్రం. అష్టమి దాకా ఆగకూడదు. ఆపరేషన్ చవితికి మార్చారు. తదియ ఉదయం పడవ వస్తుంది. అప్పటిదాకా గంజి తప్ప ఏమీ తినకూడదు."

"తొమ్మిదింటికా? నేను నోరెత్తితేగా!"

"నమోదైంది."

తదియ అంటే ఇంక మూడు రోజులు. మస్తాను ఇంటి నుంచి చేపల పులుసు వచ్చింది. నా ముందే తినలేక వాడు గిన్నె పట్టుకుని పంపుషెడ్డు వెనక్కి పోయాడు. నేను గంజి తాగి మళ్లీ తిరగడం మొదలుపెట్టాను. తొమ్మిదింటికి నేనేం చేశాను? షట్టర్లు దించాను, మట్టం చూశాను, పుస్తకం రాశాను. అంతే కదా.

119వ రోజు, పాడ్యమి

పోటు ఉదయం 9-50కి. బయట ఐదు, లోపల రెండున్నర.

పొద్దున్నే కాంపౌండరు ముందు నిలబడి, ఆ నమోదేమిటో చూపిస్తే గానీ కదలనన్నాను. రోగి అడిగితే చూపించాలని వాడికీ రూలుందట, ఎవరూ అడగరు గనక మనకి తెలియదు. తెర మీద ఎర్ర గీత. దాని మీద వరసగా గుట్టలు, ప్రతి గుట్ట కింద ఒక టైము.

4-50, 5-15. మర్నాడు 5-40, 6-05. ఆ మర్నాడు 6-30, 6-55.

ఆ అంకెల్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. రోజుకి యాభై నిమిషాల చొప్పున జరుగుతున్నాయి. అష్టమి దగ్గర గుట్టలు పొట్టివి, పౌర్ణమికి పొడుగువి. నలభై రోజుల గీత మొదటి నుంచి చివరి దాకా వేలితో చూసుకుంటూ పోయాను. ఓరి నీ అమ్మ కడుపు చల్లగా! అది నా కడుపు కాదురా, బంగాళాఖాతం!

వాడు నా పుస్తకం చదువుతున్నాడు. నేను పోటు అని రాసినప్పుడల్లా నాకు నొప్పి వచ్చిందని ఎక్కించుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా రోజుకి రెండుసార్లు రాస్తున్న మాట. ఆపరేషన్ అయ్యి నేను వాడి కనుసన్నల్లోకి వచ్చాక అది నా రోగమైపోయింది.

ఎంత చెప్పినా వింటేనా. "రోగి తన నమోదును కాదనడం సాధారణం" అన్నాడు. డాక్టరుగారితో మాట్లాడించమన్నాను. ప్రాణాపాయం లేని అభ్యంతరాలు వారం తర్వాత చూస్తారట. ఎల్లుండి పడవ, ఆ మర్నాడు కత్తి, వారం తర్వాత అభ్యంతరం!

మస్తానుకి చెబితే ముందు కమ్మీ పట్టుకుని నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు.

"రాయడం మానెయ్యక్కా అయితే."

"వేళకి పోటు రాయకపోతే కట్ట తెగిందనుకుని సైరన్ మోగుద్ది. తొమ్మిదూళ్లు కట్ట మీదకి పరిగెత్తుకొస్తాయి."

"అయితే నేను రాస్తా. నువ్వు పుస్తకం ముట్టుకోమాక. ఎవరి కడుపు పొంగుద్దో చూద్దాం."

వాడు తిన్నగా కాంపౌండరు దగ్గరికి పోయి, "నాక్కూడా కడుపులో అదోలా ఉంది, నన్నూ ఓ కంట కనిపెట్టు" అని చెప్పొచ్చాడు. ఇదంతా నువ్వు చదువుతున్నావని నాకు తెలుసురా కాంపౌండరూ. చదువుకో. ఇందులో నీకు తెలిసినవి నాలుగు మాటలే.

120వ రోజు, విదియ

రాసేది షేక్ మస్తాను, ఫిట్టరు. నాకు రాత పెద్దగా రాదు, తప్పులుంటే సర్దుకోండి.

నిన్న రాత్రి పోటు 10-15కి. ఇయ్యాల పోటు 10-40కి. మాంచి పోటు. బయట నాలుగడుగుల పది అంగుళాలు, లోపల రెండున్నర. రాత్రిది 11-05కి వస్తది, అది కూడా పోటే.

షట్టర్లు నాలుగూ నేనే దించా. అక్క ఆ పక్కన తిరగతానే ఉంది. మొన్నటి నుంచి పొట్టలోకి గంజి తప్ప పోలేదు, మనిషి పీక్కుపోయింది. నేను జోకులేస్తున్నా గానీ నాకూ భయంగానే ఉంది. పడవ ఎక్కనివ్వను. ఏం చేస్తానో తెలవదు గానీ ఎక్కనివ్వను.

మధ్యాహ్నం కాంపౌండరు నన్ను పిలిచాడు. మీకు గతంలో ఆపరేషన్ జరిగిందా అనడిగాడు. పన్ను పీకించుకున్నానని చెప్పా. నాక్కూడా గంజి రాశాడు.

121వ రోజు, తదియ

పోటు ఉదయం 11-30కి, రాత్రిది 11-55కి. బయట నాలుగున్నర, లోపల రెండున్నర. పుస్తకం మళ్లీ నా చేతికొచ్చింది.

తొమ్మిదింటికి మా పెట్టె గణగణలాడింది. ఎర్ర దీపాలు రెండు: పుస్తకం నా పేరు మీదుంది గనక నాకొకటి, రాసింది వాడు గనక మస్తానుకొకటి. తెర మీద డాక్టర్ త్రిపురాంబగారు, జడ కూడా వేసుకోలేదు, నా వయసే ఉంటుంది. మామూలు మనిషిని తెర మీద చూసి ఎన్నాళ్లయిందో.

"పదిహేడో లాకులో ఇద్దరికి ఒకే నిమిషంలో ఒకే పోటు అంటున్నాడు. అంటురోగం అని అలారం కొట్టాడు. ఏం తిన్నారమ్మా మీరిద్దరూ? నీళ్లెక్కడివి తాగుతున్నారు?"

"నీళ్ల వల్లేనండీ" అన్నాను. "మా ఎదురుగా ఉన్న నీళ్ల వల్లే." పుస్తకం తెరిచి పెట్టె కంటికి చూపించాను. పక్కన మస్తాను రాత చూపించాను. తర్వాత వాడి ఎర్ర గీత చూసుకోమన్నాను.

ఆవిడ పుస్తకాన్నీ గీతనూ మార్చి మార్చి చూసింది. "మాది మెట్ట ప్రాంతం. మా వైపు పోటంటే నొప్పే. పట్టిక రాసినవాళ్లదీ మా వైపే. అంటే నలభై రోజులుగా నేను సముద్రానికి వైద్యం చేస్తున్నానా?" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కళ్లద్దాలు తీసి మొహం తుడుచుకుంది.

"ఆపరేషన్ మరి?" అన్నాడు మస్తాను.

"ఆ పోటు ఆవిడది కాదు, సరే. నొప్పి ఉన్నమాట నిజమేగా? పెట్టె పంపిన రక్తపరీక్షలో ఏం లేదు, స్కానులో ఏం లేదు. ఎందుకొస్తోందో తెలియకుండా నేనెట్లా వదిలేసేది? నాంచారమ్మగారూ, మీరే చెప్పండి. నొప్పి ఎక్కడ?"

కడుపులో అనబోయాను. సగంలో నాలుక కరుచుకున్నాను. మా అమ్మా అంతే, అక్కా అంతే, పుట్టినప్పటి నుంచీ ఎక్కడ నొప్పి వచ్చినా కడుపులోనే అంటాం. ఆ 'లో' పట్టుకునే వీళ్లు నా లోపలంతా వెతుకుతున్నారు. నేను ఒక్కనాడైనా వేలు పెట్టి చూసుకున్నానా?

"ఇక్కడండీ" అని కోత కొసన వేలు పెట్టాను. ఒక్క వేలే పట్టింది.

"పైనా, లోపలా?"

"తెలియదు. తెలుసుకుందాం ఉండండి. మస్తానూ, పావు చుట్టు."

వాడు ముందు అయోమయంగా చూశాడు. తర్వాత అర్థమై, బల్ల మీద దుప్పటి పరిచాడు. వెల్లకిలా పడుకుని ఆ చోట వేలు గట్టిగా నొక్కిపెట్టాను. చురుక్కుమంది, ఎప్పటిలాగే.

"ఇప్పుడు బిగించక్కా. తలా భుజాలూ పైకి లేపు. వేలు తియ్యమాక."

లేపాను. పొట్ట బిగుసుకుంది. ఒక్కసారి ప్రాణం పోయినంత పనైంది. "అమ్మో, ఎక్కువైంది! ఎక్కువైందిరా!" అని అరిచాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. "అంచులోనే ఉందండీ డాక్టరుగారూ. లోపల కాదు. రబ్బరు మడతపడింది!"

ఆవిడ తెరకి దగ్గరగా వచ్చింది. "ఈ పరీక్ష మీకెవరు నేర్పారు?"

"షట్టరు" అన్నాడు మస్తాను.

"మా మేష్టారు మాకు నేర్పారు, చదువుకునే రోజుల్లో. కండ బిగిస్తే లోపలి నొప్పి చాటుకి పోయి తగ్గుతుంది. కడుపు గోడదైతే పెరుగుతుంది. పెట్టెలొచ్చాక నేను ఒక్కరికీ చేసి చూడలేదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "కోత కొసన కండలో సన్నటి నరం ఇరుక్కుంది. అది స్కానులో కనపడదు. దీనికి తెరవక్కర్లేదమ్మా."

తెరవక్కర్లేదు. ఆ ముక్క ఇంకోసారి చెప్పించుకున్నాను.

కాంపౌండరు చెయ్యి బయటికొచ్చింది. ఆవిడ చెబుతుంటే, నా వేలు ఎక్కడుందో సరిగ్గా అక్కడే సూది దింపాడు, నరం మొద్దుబారే మందు. ఐదు నిమిషాలు. లేచి నిలబడ్డాను. వంగాను. దగ్గి చూశాను. ఏమీ లేదు. మస్తాను పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాను, మామూలుగా, అందరూ కూర్చున్నట్టు. కూర్చుని ఏడ్చాను. వాడు మొహం అటు తిప్పుకుని సముద్రం ఎంత ఎక్కిందో చూస్తున్నట్టు నటించాడు.

పడవ పోటుతో పాటే 11-30కి వచ్చింది. ఖాళీగా పోయింది. చేపల పులుసు ఇద్దరం తిన్నాం.

మందు సాయంత్రానికి దిగింది. ఇప్పుడు మళ్లీ చురుక్కుమంటోంది, సగానికి సగం. అందుకే ఇది నిలబడే రాస్తున్నాను.

124వ రోజు, షష్ఠి

పోటు మధ్యాహ్నం 2-00కి. తెల్లవారకముందు పోటు మస్తాను చూశాడు. బయట మూడున్నర, లోపల రెండు.

నా పిచ్చి గురించి రాయాలి. నిన్న పొద్దున హాయిగా ఉంది. హాయిగా ఉందని ఎగిరెగిరి చక్రం నలభై చుట్లు ఒక్క ఊపున తిప్పాను, క్వార్టర్స్ కడిగాను, పదహారో లాకు దాకా పోయి ఆ మనిషితో కబుర్లాడి వచ్చాను. ఇవాళ పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. అంతా మొదటికొచ్చిందని, ఇంక నన్ను తెరుస్తారని గోడకి తిరిగి పడుకున్నాను.

డాక్టరుగారు రోజూ ఒకసారి తెర మీదకి వస్తున్నారు. చెప్పాను. తిడతారనుకున్నాను.

"నొప్పి పెరిగిందంటే లోపల ఏదో చెడిపోతోందని కాదు నాంచారమ్మగారూ. రెండు నెలలు అరిచి అరిచి ఆ నరానికి అరవడం అలవాటైపోయింది. చిన్న తాకిడికీ పెద్దగా అరుస్తుంది. దాన్ని మెల్లగా మళ్లించాలి. రెండు వారాలకి ఇంకో సూది వేద్దాం. అప్పటికీ లొంగకపోతే పైపైన ఆ నరం ఒక్కటీ చూసుకుందాం, అదీ మీరు సరేనంటేనే."

"పూర్తిగా పోతుందా?"

"చెప్పలేను. చాలామందికి బాగా తగ్గుతుంది. మీ పని మీరు చేసుకునేంత తగ్గించగలననే నా నమ్మకం."

ఆవిడ చెప్పలేనన్నందుకు నాకు కోపం రాలేదు. ఆశ్చర్యం.

చెప్పిన పనులు: చక్రం ఎనిమిది చుట్లు, ఆగాలి, మళ్లీ ఎనిమిది. బాగున్న రోజు కూడా ఎనిమిదే, బాగాలేని రోజు కూడా వీలైతే ఎనిమిదే. తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలాలి. కోత కొసన పొద్దునా సాయంత్రం ఐదేసి నిమిషాలు దూదితో రాసుకోవాలి, అలవాటైతే తువ్వాలుతో. బాగున్న రోజు ఎనిమిది దగ్గర ఆగడం ఉంది చూశారూ, నా లాంటిదానికి అది నొప్పి కన్నా కష్టం. చేతులు పీకుతూనే ఉంటాయి. "ఎనిమిది! ఎనిమిదన్నానా!" అని మస్తాను పక్కన నిలబడి అరుస్తున్నాడు.

126వ రోజు, అష్టమి

పోటు మధ్యాహ్నం 3-40కి. బయట మూడడుగులకి రెండంగుళాలు తక్కువ, లోపల రెండు. ఉన్నదో లేదో అన్నట్టు వచ్చి పోయింది.

మొదట అనుకున్న ప్రకారమైతే ఇవాళ నన్ను తెరిచి ఉండేవారు.

కేంద్రం నుంచి సర్క్యులర్ వచ్చింది. లాకు పుస్తకాల్లో ఇకపై పోటు అనే మాట వాడరాదు, దాని బదులు 'జలవృద్ధి' అని రాయాలి. మస్తాను రెండుసార్లు చదివి, "అది మళ్లీ ఏ రోగం కింద ఎక్కిస్తాడోనక్కా" అన్నాడు. ఇద్దరం కమ్మీ పట్టుకుని నవ్వాం. నవ్వితే కొంచెం చురుక్కుమంది. నవ్వడం మాత్రం ఆపలేదు.

జవాబు ఇక్కడే రాస్తున్నాను, పైవాళ్లు చదువుకోవచ్చు. పోటు సముద్రం మాట. అది ముందు నుంచీ దానిదే, దాని దగ్గర లాక్కోవడం నాకు ఇష్టం లేదు. నా మాట వేరే ఉంది. అది మీ పట్టికలో లేదు, ఎక్కించుకోండి.

డాక్టరుగారు ఎక్కించినట్టున్నారు. సాయంత్రం దూదితో రాసుకుంటుంటే కాంపౌండరు గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి, "ఎట్లా ఉంది? మీ మాటల్లో చెప్పండి" అన్నాడు. దూది పక్కన పెట్టి మాటలు వెతుక్కున్నాను. వాడు ఆగాడు. అంతసేపు వాడు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

128వ రోజు, బహుళ దశమి

పోటు తెల్లవారి 4-55కి, సాయంత్రం 5-20కి. సముద్రానికి.

నాకు చురుక్కు మూడుసార్లు. రెండు చక్రం దగ్గర, ఒకటి తుమ్మితే. దూది నుంచి తువ్వాలుకి మారాను. బొందు ఇంకా ఎడమ పక్కకే కడుతున్నాను, రేపు మధ్యకి జరిపి చూస్తాను.

బయట మూడడుగులు, లోపల రెండు. షట్టర్లు నాలుగూ దించాం. ఎనిమిది చుట్లు, ఆగాను, మళ్లీ ఎనిమిది. మూడోది అయ్యాక మస్తాను చక్రం పట్టుకోబోతే చెయ్యి తీయమన్నాను. నాలుగోది కూడా నేనే దించాను. గంట పట్టింది. వాడు గట్టు మీద కూర్చుని పైకే లెక్కపెట్టాడు, ఒక్క చుట్టు కూడా ఎక్కువ తిప్పనివ్వలేదు.

వీరమ్మక్కా, ఈసారి చెప్పానే. నీ అప్పుడు చెప్పలేకపోయాను.

అక్షరాలు ఇవాళ తిన్నగా ఉన్నాయని పైవాళ్లు గమనిస్తారో లేదో. ఈ పేజీ కూర్చుని రాశాను.